అగ్గిమీద గుగ్గిలం: పొగా, మంటా?

తిరుపతి నుంచి (అడిగినవారు):
అందరికీ నమస్కారం. పాత వీధినాటకాల్లో జనాన్ని జడిపించిన ఘట్టాల మీద ఒక వ్యాసం తయారవుతా ఉంది. హిరణ్యకశిపుడి ప్రవేశం, కీచక వధ, దుశ్శాసన వధ, బకాసురుడు, ఇట్లాంటివి. ఇప్పుడెవరూ తలుచుకోని ఆ భయాన్ని మళ్ళీ నలుగురికీ చెప్పాలన్నది ఉద్దేశం. అందులో ఒక వాక్యం ఇది: ‘తమ్ముణ్ణి చంపారని తెలిసిన నాటి నుంచి హిరణ్యకశిపుడు అగ్గిమీద గుగ్గిలంలా లోలోపల రగులుతూనే ఉన్నాడు.’ ప్రూఫు చూసినవారు ఇది తప్పన్నారు. గుగ్గిలం రగలదు, భగ్గుమంటుంది అన్నారు. ఇంట్లో నిప్పుల మీద వేస్తే వచ్చేది పొగే కదా? ఈ పలుకుబడి అసలు అర్థమేమి? ఇది వీధినాటకం నుంచే పుట్టిందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

చంద్రగిరి నుంచి:
ప్రూఫు చూసినవారు చెప్పిందే సరి అన్నా. మన భాషలో నిప్పులో వేసే వస్తువులు చాలా ఉండాయి, ఒక్కోదాని తీరు ఒక్కోటి. అగ్నికి ఆజ్యం పోస్తే ఉన్న మంట ఇంకా పెరిగి నిలబడుతుంది. తగాదాను పక్కవాడు పెంచి పోషించేటప్పుడు వాడతాం. నిప్పులో ఉప్పు పడితే చిటపట తప్ప మంట పెరగదు. అగ్నికి వాయువు తోడైతే పక్కింటికి పాకుతుంది. గుగ్గిలం ఇవేవీ చెయ్యదు. మంటను ఒక్కసారి నిలువెత్తు లేపుతుంది, రెప్ప వాల్చేలోగా మళ్ళీ కిందికి దించేస్తుంది.

అందుకే ‘ఆ మాట వినగానే అగ్గిమీద గుగ్గిలమయ్యాడు’ అంటాం. ‘వినగానే’, ‘చూడగానే’, ‘అంతలోనే’ లాంటి మాట పక్కన ఉంటే ఈ పలుకుబడి బాగా కుదురుతుంది. ‘మూడేళ్లుగా అగ్గిమీద గుగ్గిలంగా ఉన్నాడు’ అని ఎవరూ అనరు. లోలోపల కాలేదానికి ఊకనిప్పు ఉంది, నివురుగప్పిన నిప్పు ఉంది. మీ హిరణ్యకశిపుడికి కావలసింది అవి.

ఇంకొకటి చూడండి. ‘అగ్గిమీద గుగ్గిలం అయ్యాడు’ అన్నప్పుడు కోపగించినవాడు గుగ్గిలం, అగ్గి కాదు. అగ్గి ముందే అక్కడ ఉంది: అవతలివాడి మాటో, చేసిన పనో. ‘అగ్గిమీద గుగ్గిలం వేసినట్టు’ అంటే మాత్రం చూపు వేసినవాడి మీదికి మళ్ళుతుంది. ఒక్క క్రియ మారితే తప్పు ఒకరి నుంచి ఇంకొకరికి పోతుంది. వ్యాసంలో ఏది వాడతారో చూసుకుని వాడండి.

పుత్తూరు నుంచి:
మాటల పుట్టుక నేను చెప్తా. అగ్ని నుంచి అగ్గి, గుగ్గులు నుంచి గుగ్గిలం, రెండూ తద్భవాలే. సంస్కృతంలో ‘గ్ని’, ‘గ్గు’గా వేరువేరుగా ఉన్నవి తెలుగులోకి వచ్చేసరికి రెండూ ‘గ్గి’ దగ్గర కలుసుకున్నాయి. ఈ పలుకుబడి నాలుక మీద నిలబడిపోవడానికి ఆ జంట ‘గ్గి’ కూడా కారణమే. ‘నిప్పు మీద గుగ్గిలం’ అని పలికి చూడండి, చప్పగా పోతుంది.

మా పక్క అరవంలో ఇదే కుంగిలియం. శివభక్తులైన అరవై ముగ్గురు నాయనార్లలో తిరుక్కడైయూరు కలయ నాయనారుకు ఆ పేరే ఇంటిపేరు మాదిరి అతుక్కుంది. బియ్యం తెమ్మని భార్య ఇచ్చిన తాళితో ఆయన కుంగిలియం కొనేశాడని కథ. అక్కడ అది పూర్తిగా ధూపద్రవ్యం, శాంతంగా పొగ వేసేది. కోపం అర్థం తెలుగులోనే బలపడింది.

అడిగినవారు:
ధూపం వేసేదీ భగ్గుమనేదీ ఒకటే వస్తువా మరి? అంగట్లో మైసాక్షి కొని బొగ్గుల మీద వేస్తే పొంగి పొగ వచ్చింది, మంట రాలేదు.

పలమనేరు నుంచి:
చిక్కంతా అక్కడే ఉంది సార్. ఒకే పేరు మీద రెండు వస్తువులు నడుస్తా ఉన్నాయి.

మీరు కొన్న మైసాక్షి, అంటే మహిషాక్షి గుగ్గిలం, ఆయుర్వేదంలోని గుగ్గులు. ఎడారి పక్క పెరిగే ముళ్ళపొద బంక. మెత్తగా, జిగటగా ఉంటుంది, దంచితే ముద్దవుతుంది. అందులో సగం నీళ్ళకు కరిగే బంక కాబట్టి కాలేటప్పుడు పొంగుతుంది, పొగలు కక్కుతుంది. రెండోది సాలవృక్షం జాతి చెట్ల నుంచి కారి గట్టిపడిన రసం. గాజుపెంకు మాదిరి పెళుసు, గోటితో గీస్తే తెల్లటి గీత పడుతుంది, దంచితే పిండి అవుతుంది. పలుకుబడిలోని గుగ్గిలం ఇదే, ఎందుకంటే పొడి కానిది భగ్గుమనలేదు.

ఇంట్లోనే తేల్చుకోవచ్చు. చిన్న ముక్క గ్లాసు నీళ్ళలో వేసి రాత్రంతా ఉంచి కలపండి. నీళ్ళు పాల మాదిరి తెల్లబడితే మైసాక్షి. ముక్క ముక్కలాగే ఉంటే గట్టి గుగ్గిలం. మూడో రకం కూడా అంగళ్లలో ఉంది: ఇప్పటి కప్పు సాంబ్రాణి. అది బొగ్గుపొడి, రంపపుపొట్టు అదిమి చేసింది, మెల్లగా కాలాలనే చేస్తారు. ఈనాటి పిల్లలకు గుగ్గిలం అంటే పొగ గుర్తుకు రావడంలో వాళ్ళ తప్పేమీ లేదు, వాళ్ళు చూసేదే అది.

మన తిరుమల కొండల సంగతి చెప్పకుండా ఉండలేను. సాలవృక్షం కుటుంబానికి చెందిన తంబజాలారి శేషాచలంలో ఉంది. వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బర్గ్ దానికి శాస్త్రీయనామం పెడుతూ తెలుగు పేరునే తీసుకుని షోరియా తంబుగ్గాయియా అన్నాడు. ప్రపంచంలో తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప ఇంకెక్కడా లేని చెట్టు. దాని బంకను మనవాళ్ళు ధూపానికి వాడినారు. ఇప్పుడది అంతరించిపోతున్న జాతుల్లో ఉంది, 1989 నుంచి ఆ కొండలు జాతీయవనం. అడవికి పోయి ఒక చెక్క గీకినా నేరమే. పరీక్షకు కావలసింది అంగట్లోనే కొనుక్కోండి.

శ్రీకాళహస్తి నుంచి:
ఇక నాటకం దగ్గరికి వద్దాం. మీ వ్యాసానికి ప్రాణం అక్కడుంది కాబట్టి వివరంగానే రాస్తున్నా.

రాక్షస పాత్ర రంగంలోకి నడిచి రాదు, దాన్ని వాయిదాల్లో చూపిస్తారు. ఇద్దరు చెరో కొస పట్టుకుని తెర పట్టుకుంటారు. అటొకటి ఇటొకటి కాగడాలు. ముందు తెర వెనక గజ్జెల చప్పుడు, నేలను తన్నడం. తర్వాత తెర పైన కిరీటం కొస మాత్రం కనబడుతుంది, కాసేపు కదిలి మళ్ళీ మునిగిపోతుంది. అంతలో తెర మీదికి చేతి వేళ్ళు వచ్చి పట్టుకుని ఊపేస్తాయి. మద్దెల వేగం పెరుగుతుంది, ప్రవేశ దరువు మొదలవుతుంది. సరిగ్గా తెర జారే క్షణంలో కాగడా పక్కనున్న మనిషి గుగ్గిలం పొడి విసురుతాడు. మంట పైకి లేస్తుంది, అర్దళం అనే పసుపు రంగు పూసిన ముఖం, ఇంగిలీకం అనే ఎర్రరంగు గీతలు, కాటుక కళ్ళు ఒక్కసారిగా కనబడి, మళ్ళీ మసకలోకి పోతాయి. ఆ మసకే ముఖ్యం. పెద్ద వెలుగు చూసిన కన్ను వెంటనే చీకటికి అలవాటు పడలేదు, కాబట్టి మంట ఆరిన తర్వాత రెండు మూడు క్షణాలు వేషం ఎక్కడుందో జనానికి తెలియదు. పిల్లలు కెవ్వుమనేది మంటకు కాదు, ఆ తెలియని క్షణానికి.

పొడి సంగతి. ముద్దగా వేస్తే గుగ్గిలం కరిగి, నల్లటి పొగతో నెమ్మదిగా కాలుతుంది. అదే గుగ్గిలం మెత్తటి పిండిగా గాలిలో విచ్చుకుంటే ప్రతి రేణువుకూ చుట్టూ గాలి దొరుకుతుంది, అన్నీ ఒకేసారి అంటుకుంటాయి. అందుకని మురికి, బెరడు లేని పెళుసు ముక్కలు ఏరి, కొద్దికొద్దిగా దంచాలి. ఎక్కువ వేసి గట్టిగా దంచితే రాపిడికి వేడెక్కి రోకలికి అతుక్కుంటుంది. దంచింది పలుచటి బట్టలో వస్త్రగాళితం పట్టాలి. జల్లెడ చాలదు. జల్లెడలో దిగిన పలుకులు గాలిలో పూర్తిగా కాలకుండా, మండుతూనే కింద పడతాయి. తేమ తగిలిన పొడి కూడా ఉండలు కట్టి అదే పని చేస్తుంది.

విసరడానికి గుప్పెడు అక్కర్లేదు, మూడు వేళ్ళకు వచ్చేంత చాలు. గాలి వీపు వైపు నుంచి రావాలి. మంట మీద కుమ్మరించకూడదు, కింద నుంచి పైకి, మంటను దాటి పోయేట్టు మణికట్టుతో చిమ్మాలి. పైనుంచి పోస్తే సగం కాగడా గుడ్డకు అంటుకుని మంటను అణిచేస్తుంది, సగం కరిగి బొట్లుగా కారుతుంది. ఆ బొట్టు చర్మం మీద పడితే అంటుకుని లోపలికి కాలుతుంది. తుడిస్తే చర్మం ఊడొస్తుంది, చల్లటి నీళ్ళు ధారగా పోస్తూనే ఉండాలి. తాటాకు పందిరి కింద, షామియానా కింద ఈ పని వద్దే వద్దు. అర్దళం పాషాణం కలిసిన గంధకం, ఇంగిలీకం పాదరసం కలిసిన గంధకం. రెండూ విషాలే. పాత వేషం మళ్ళీ వేయాలనుకునే కుర్రవాళ్ళు వాటి బదులు ఇప్పటి రంగులు వాడుకుంటే మంచిది.

అడిగినవారు:
ఎంత మంచి వివరం చెప్పినారన్నా. మరి ఇది ఎందుకు కనుమరుగైంది? నాటకాలు ఇంకా ఆడుతూనే ఉన్నారు కదా.

శ్రీకాళహస్తి నుంచి:
పెట్రోమాక్స్ లైటు వచ్చింది, తర్వాత కరెంటు. తెల్లటి వెలుగు నిండిన రంగం మీద గుగ్గిలం మంట వెలవెలబోతుంది, చుట్టూ చీకటి ఉంటేనే దానికి బలం. ముఖాలకూ అదే జరిగింది. కాగడా పసుప్పచ్చటి వెలుగులో అర్దళం మేనిఛాయలో కలిసిపోయి బంగారంగా మెరిసేది. తెల్లటి వెలుగులో ఉత్త పసుపు పూసినట్టు కనబడుతుంది. భయపెట్టే ఆ పనితనం అంతా చీకటిని నమ్ముకుని పుట్టింది.

కుప్పం నుంచి:
మా పక్క కన్నడం వినబడుతుంది కాబట్టి ఒక ముక్క కలుపుతున్నా. యక్షగానంలో మహిషాసురుడు జనం మధ్య నుంచే కాగడాలతో, కేకలతో వస్తాడు. అక్కడ విసిరే పొడిని రాళ అంటారు, మన గట్టి గుగ్గిలమే. కేరళలో ముడియేట్టు అనే గుడి నాటకంలో కాళికీ దారికాసురుడికీ జరిగే పోరులో కాగడాల మీద తెళ్ళిపొడి విసురుతారు. అది కూడా చెట్టు బంకే. యూరప్ రంగస్థలం మీద మెరుపులకు లైకోపోడియం అనే నాచులాంటి మొక్క బీజాల పొడి వాడేవాళ్ళు. జపాను కబుకీ నాటకాల్లో దయ్యం వచ్చేటప్పుడు సారాలో తడిపిన గుడ్డను కర్రకు కట్టి వెలిగిస్తారు, నీలిమంట వస్తుంది. సారా మసి లేకుండా కాలుతుంది కాబట్టి నీలం. గుగ్గిలం మంటలో మసిరేణువులు కాగి వెలుగుతాయి కాబట్టి పసుపు, ఎరుపు. వాళ్ళ దయ్యానికి చల్లటి మంట, మన రాక్షసుడికి వేడి మంట.

పుత్తూరు నుంచి:
ఇంత విన్న తర్వాత పలుకుబడి నాటకం నుంచే పుట్టిందని తీర్మానం చేసేద్దామా?

చంద్రగిరి నుంచి:
వద్దన్నా. గుగ్గిలం నాటకానికి ముందు నుంచే ఇళ్లలో, గుళ్లలో, పడవల సందులు పూడ్చే చోట ఉన్న వస్తువు. నిప్పు దగ్గర దాన్ని దంచినవాడెవడైనా ఆ మంట చూసే ఉంటాడు. వ్యాసంలో ‘నాటకం నుంచి పుట్టింది’ అని రాయకండి. ఊరంతా ఒకేసారి, కోపిష్ఠి పాత్ర ముఖంతో కలిపి ఆ మంటను చూసింది మాత్రం వీధినాటకంలోనే. కోపానికీ గుగ్గిలానికీ ముడి గట్టిపడింది అక్కడని నా అభిప్రాయం. అభిప్రాయమనే రాయండి.

పలమనేరు నుంచి:
ఒక సవరణ కూడా సార్. దుర్యోధన వధను ఈ మంటల లెక్కలో కలపకండి. మన జిల్లాలో ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర భారతం 18 దినాలు జరిగేటప్పుడు పగలు హరికథ, రాత్రి నాటకం. దుర్యోధన వధ మాత్రం పగటి వెలుతురులో, భారతం మిట్ట మీద. అక్కడ భయపెట్టేది మట్టి. నేల మీద వెల్లకిలా పడుకోబెట్టిన మట్టి దుర్యోధనుడు ఎంత పెద్దగా ఉంటాడంటే, పక్కన నిలబడిన భీముడి వేషగాడు చిన్నపిల్లాడి మాదిరి కనబడతాడు. తొడ దగ్గర ఎర్రనీళ్ళు పెట్టి ఉంచుతారు, గద పడగానే మట్టి తడిసి ఎర్రగా పారుతుంది. ద్రౌపది వేషం ఆ ఎరుపు తలకు రాసుకుని జుట్టు ముడి వేసుకుంటుంది. దానికి కాగడా వెలుగు పనికిరాదు, ఎరుపు ఎరుపుగా కనబడాలంటే పగలే కావాలి. రాత్రి భయానికి మంట, పగటి భయానికి మట్టి. వాటిని రెండు వేరు భాగాలుగా రాయండి.

అడిగినవారు:
అందరికీ చాలా కృతజ్ఞతలు. వాక్యం ఇట్లా మార్చినాం: ‘తమ్ముణ్ణి చంపారని తెలిసిన నాటి నుంచి హిరణ్యకశిపుడు ఊకనిప్పులా లోలోపల రగులుతూనే ఉన్నాడు. కొడుకు నోట హరి పేరు వినగానే అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.’ సరిపోయిందా?

చంద్రగిరి నుంచి:
సరిపోయింది. ‘అగ్గిమీద’ కలిపే రాయండి, విడదీయకండి.