బ్యాగ్ భుజానేస్కొని సినిమా లొకేషన్లు చూస్కుంట ఫారిన్ తిరగాలని ఉంది, ఏడికెల్లి మొదలువెట్టాలె?

ఓరుగల్లు_పోరడు:
అందరికి నమస్తే. మాది హన్మకొండ. నేను, నా సోపతిగాడు డిసెంబర్ల ఫారిన్ పోదామనుకుంటానం. పాస్‌పోర్టులు వచ్చినయ్, వరంగల్ పోస్టాఫీసుల ఉన్న సేవా కేంద్రంలనే పనైపోయింది. ట్రావెల్స్ ప్యాకేజీలు చూస్తే అన్ని ఒక్కతీరే ఉన్నయ్, బస్సెక్కించుడు షాపింగ్ కాడ దించుడు, అది మాకు వద్దు. హాస్టళ్లల్ల పండుకొని లోకల్ బస్సులు, రైళ్లు ఎక్కి తిరగాలె, తొవ్వల సినిమాలు తీసిన జాగలు చూడాలె. చిన్నప్పటి సంది తెర మీద చూసిన జాగ నిజంగ ఎట్లుంటదో, కెమెరా తిప్పని దిక్కు ఏముంటదో చూడాలని మస్తు ఆశ నాకు. నాటు నాటు తీసిన ప్యాలెస్, స్విట్జర్లాండ్ల హిందీ సినిమాల ఊళ్లు, థాయ్‌లాండ్ బీచ్‌లు, ఇట్ల లిస్ట్ పెద్దగనే ఉంది. మనిషికి లక్ష దాక పెట్టగలం, రెండు మూడు వారాలు. ఏ దేశం పోతే మంచిది, షాట్ తీసిన జాగ కరెక్ట్‌గ ఎట్ల దొరుకవట్టాలె? పోయొచ్చినోళ్లు జర చెప్పుండ్రి.

మానేరు_ఒడ్డు:
తమ్మీ, లక్ష లోపట్నే అయిపోవాలంటే థాయ్‌లాండ్, కంబోడియా దిక్కు పోండ్రి. డిసెంబర్ అంటే అక్కడ వానలు పోయి మంచి టైం. బ్యాంకాక్ల రాత్రి రైలెక్కి సూరత్ థానీల దిగి బస్సుల క్రాబీ పోతే, అక్కడ హాస్టల్ల ఉండుకుంటనే రెండు పెద్ద లొకేషన్లు చూడొచ్చు. ఒకటి ఫాంగ్ ఎన్గా బే, 1974ల జేమ్స్ బాండ్ సినిమా తీసిన్రు, నీళ్లల్ల నిట్టనిలువుగ నిలవడ్డ రాయి ఉంటది. దాని దగ్గరికి పడవలు పోనియ్యరు, పక్క దీవి ఒడ్డు మీదికెల్లే చూడాలె. రెండోది మాయా బే, 2000ల వచ్చిన ద బీచ్ సినిమాది. ఇది పొయ్యేముందు దాని కథ తెల్సుకొని పోవాలె అంట నేను. షూటింగ్ కోసం ఒడ్డున ఇసుక దిబ్బలు చదును చేసి కొబ్బరి చెట్లు నాటిన్రు, దాని మీద అక్కడోళ్లు కోర్టుకు పోయిన్రు. సినిమా వచ్చినంక జనం ఎగబడి, పడవల లంగర్లు తాకి పగడాలు పాడైపోయి, 2018ల మొత్తం బందు వెట్టి 2022 జనవరిల మల్ల తెరిచిన్రు. ఇప్పుడు పడవలు వెనుక దిక్కున్న ఒడ్డుకే వస్తయ్, అక్కడ దిగి నడుసుకుంట రావాలె, ఈత కొట్టనియ్యరు. ఏటా ఆగస్టు, సెప్టెంబర్ బందే. మనం ఇష్టపడి పొయ్యే జాగ మన వల్లనే ఖరాబ్ కావొద్దు కదా, రూల్స్ గట్టిగున్నయని ఎవ్వలన్న నారాజైతే నాకు మస్తు బాధైతది.

ఇగ అసలు ముచ్చట కంబోడియాది. సీమ్ రీప్ ఊరి పక్కన అంకోర్ గుడులు ఉంటయ్, అండ్ల ఒకటి త ప్రోమ్ గుడి, టోంబ్ రైడర్ సినిమాల కనవడ్డది అదే. అందరు ఒక్క వాకిలి కాడనే లైన్ కట్టి ఫోటో దిగి పోతరు, చెట్టు వేర్లు దర్వాజ మీదికెల్లి పారుకుంట దిగినయ్ కదా, అక్కడ. నువ్వు జర పక్కకు జరుగు. లోపట ఒక చిన్న గోపురం గది ఉంటది, గోడకు ఆనుకొని నిలవడి పిడికిలితోని ఛాతి మీద కొట్టుకుంటే గది మొత్తం గుమ్మని మోగుతది. చప్పట్లు కొడితే ఏం కాదు, ఛాతి చప్పుడుకే మోగుతది. ఇంకోటి, ఆ గుడి శాసనం 1186ది, మన పాలంపేట రామప్ప శాసనం 1213ది, అంటే అక్కడ వాళ్ల రాజు జయవర్మన్ కట్టించినంక ముప్పై ఏండ్లు కాకముందే ఇక్కడ రేచర్ల రుద్రుడు కట్టించిండు. త ప్రోమ్‌ను నిలవెట్టే పనిల మన ఆర్కియాలజీ సర్వే వాళ్లు ఏండ్లకేండ్లు కష్టపడ్డరు. ఓరుగల్లు పిల్లలు పోయి అది చూడకుంట వస్తే ఎట్ల? పొయ్యేముందు ఒక ఆదివారం రామప్ప పోయి నిమ్మలంగ చూసి రాండ్రి, అక్కడికి పోయినంక కండ్లు వేరే తీరుగ చూస్తయ్.

గోదారిఖని_రైలు:
అక్క చెప్పిన రూట్ మంచిదే గని స్విస్‌ను లిస్టుల నుంచి తీసెయ్యకు, వేరే ఏడు ఎండాకాలంల పెట్టుకో. డీడీఎల్‌జే (దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే) హిందీ సినిమా స్విస్‌ల తీసిన జాగలు శాన ఒక్క చిన్న రైలు లైన్ మీదనే దొరుకుతయ్, జ్వైసిమ్మెన్ల ఎక్కితే గ్‌స్టాడ్, దాని తర్వాత సానెన్, ఆ సినిమాల చిన్న బ్రిడ్జి సానెన్లనే. ఇంటర్‌లాకెన్ల హిందీ సినిమాల డైరెక్టర్ యశ్ చోప్రా విగ్రహం కూడ వెట్టిన్రు. స్విస్ పోవాలంటే కావాల్సిన షెంజెన్ వీసా ఫీజే 90 యూరోలు, 30,000 యూరోల ఇన్సూరెన్స్ చూపియ్యాలె, అక్కడ తిండి ఖర్చు వేరే, మనిషికి లక్షతోని కాదు. నాటు నాటు సంగతి, అది ఉక్రెయిన్ రాజధాని కీవ్ల మరిన్స్కీ ప్యాలెస్, 2021 ఆగస్టుల తీసిన్రు, ఆర్నెళ్లకే యుద్ధం వచ్చింది. ఆ ఊరోళ్లకు శాంతి దొరకాలె ముందు, అప్పటిదాక దాన్ని ప్లాన్ల పెట్టకు.

లష్కర్‌బజార్_సీన్:
జాగ ఎట్ల దొరుకవట్టాలె అంటే, నేను చేసేది చెప్త. షాట్ పాజ్ చేసి స్క్రీన్‌షాట్ తీస్త, హీరో మొఖం కాదు, వెనుక కనవడే గుట్ట గీత, చర్చి గోపురం, దుకాణం బోర్డు చూస్త. ఇమేజ్ సెర్చ్‌ల ఊరు దొరికినంక గూగుల్ మ్యాప్స్ స్ట్రీట్ వ్యూల అడుగడుగు నడుసుకుంట పోతే కెమెరా ఎక్కడ పెట్టిన్రో కూడ తెలుస్తది, అది దొరికిననాడు వచ్చే సంబురం చెప్పలేను. ముందుగాల అది నిజం జాగనా సెట్టా అని చూడాలె, మాహిష్మతి కోట కోసం ఫారిన్ ఎందుకు, రామోజీ ఫిల్మ్ సిటీల ఉన్నదే. మలేషియా మీదికెల్లి పోతే బటు కేవ్స్ చూడుండ్రి, 2007 తమిళ బిల్లాల ఆ మురుగన్ విగ్రహం ముంగట పాట ఉంటది. కౌలాలంపూర్ సెంట్రల్ నుంచి లోకల్ రైలు గుడి కాడనే దించుతది, 272 మెట్లు, కోతులతోని సంచి పైలం.

ఓరుగల్లు_పోరడు:
అక్కా, అన్నలూ, మస్తు థ్యాంక్స్. మా సోపతిగాడు గిది చదివి రామప్పకు ఈ వారమే పోదాం అంటాండు. థాయ్‌లాండ్ నుంచి కంబోడియాకు బస్సుల పోవచ్చా? అంకోర్ టికెట్ ఎంత? డ్రోన్ కొండవోదామని ఉంది.

మానేరు_ఒడ్డు:
బస్సు ముచ్చట ఇప్పుడు నమ్ముకోకు తమ్మీ, 2025ల ఆ రెండు దేశాల నడుమ గొడవలైనంక రోడ్డు బార్డర్లు మూసిన్రు, బ్యాంకాక్ నుంచి సీమ్ రీప్‌కు ఫ్లైట్ లెక్కనే బడ్జెట్ ఏస్కో. అంకోర్ పాస్ ఒక్క రోజుది 37 డాలర్లు, మూడు రోజులది 62, మూడు రోజులదే తీస్కో, గుడులు ఆగమాగం చూసేటియి కావు. భుజాలు, మోకాళ్లు కప్పేటి బట్టలే ఏస్కోవాలె. డ్రోన్ పర్మిషన్ లేకుంట అక్కడ ఎగిరెయ్యనియ్యరు, ఇంట్లనే పెట్టు. చినిగిన డాలర్ నోట్లు తీస్కోరు, ఇక్కడనే కొత్తయి చూసి తీస్కో. థాయ్‌లాండ్ ఏటీఎంల ఒక్కొక్కసారి తీస్తే రెండొందల బాత్‌ల పైననే కట్ అయితయ్, అందుకే ఒక్కసారే ఎక్కువ తీయాలె. వీసా రూల్స్ మారుకుంట ఉంటయ్, ఎంబసీ సైట్ చూసినంకనే టికెట్లు కొట్టు. థాయ్‌లాండ్ల దిగేముందు మూడు రోజుల లోపల ఆన్‌లైన్ల అరైవల్ కార్డ్ నింపాలె, దానికి పైసలు లెవ్వు, పైసలు అడిగే సైట్ అసలుది కాదు.