సర్పికి మాత్రలు మొదలుపెట్టాక ఒళ్లంతా దద్దుర్లు, మీ ఇళ్లలో ఎవరికైనా ఇలా అయ్యిందా?

ఖమ్మం కూతురు:
నాన్నకు 68 ఏళ్లు. కుడివైపు పక్కటెముకల మీద సర్పి లేచింది. డాక్టరు గారు వాలాసైక్లోవిర్ 1 గ్రాము మాత్ర రోజుకు మూడుసార్లు, వారం వాడమన్నారు. నాలుగో రోజు రాత్రికి తొడలు, వీపు ఎర్రగా దద్దుర్లు. ఒకటే దురద. తువ్వాలు రెండు చేతులా పట్టుకుని వీపు రుద్దుకుంటూ కూర్చున్నారు. పక్కింటావిడ చూసి, "సర్పి చుట్టూ తిరిగి తల, తోక కలిస్తే మనిషి దక్కడు" అనేసి వెళ్లింది. అప్పట్నుంచి నాన్న అన్నం ముట్టడం లేదు. మాత్ర ఆపాలా? నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

ఫార్మసిస్టు తమ్ముడు:
అక్కా, సర్పి ఒక నరం దారి పట్టుకుని ఒక పక్కనే పట్టీలా వస్తుంది. నీటి పొక్కులు, మంట, పోటు. మందు పడకపోతే వచ్చే దద్దుర్లు ఎక్కువగా రెండు వైపులా లేస్తాయి, దురద ముందుంటుంది. తల తోక కలవడం వల్ల ఎవరూ పోరు, నాన్నకు ఈ మాట గట్టిగా చెప్పండి. దూరంగా కూడా నీటి పొక్కులే లేస్తుంటే మాత్రం అది వేరే సంగతి, వెంటనే చూపించాలి.

తర్వాతి మాత్ర వేసేలోపు డాక్టరుకు ఫోన్ చేయండి. పెదాలు, ముఖం వాచినా, ఆయాసం వచ్చినా, నోట్లో పుండ్లు, కళ్లు ఎర్రబడటం, జ్వరం, చర్మం ఊడటం, వీటిలో ఏది కనిపించినా ఫోన్లు వద్దు, 108 పిలవండి. ఇంకో మాట, వేరే మాత్రలేమైనా వేశారా?

ఖమ్మం కూతురు:
నువ్వు చెప్పిన ఆ లక్షణాలేవీ లేవు తమ్ముడూ. పోటు తట్టుకోలేక షాపులో అడిగి డైక్లోఫెనాక్ తెచ్చి రెండు రోజులు వేశాం. డాక్టరుకు చెప్పలేదు.

ఫార్మసిస్టు తమ్ముడు:
తప్పకుండా చెప్పండి. దద్దుర్లు దానివల్ల కూడా రావచ్చు. పైగా ఈ వయసులో రెండూ కలిస్తే కిడ్నీల మీద భారం.

పాత పేషెంటు:
నా అనుభవం వేరే మందుతో. 2009లో ఏఆర్‌టీ సెంటర్‌లో, అంటే హెచ్‌ఐవీకి మందులిచ్చే చోట, మిగతా మందులతో పాటు నాకు నెవిరపిన్ ఇచ్చారు. మొదటి 14 రోజులు ఒక్క పూటే, అంటే రోజుకు 200 మిల్లీగ్రాములే. పదో రోజు ఛాతీ నిండా దద్దుర్లు. ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేక, మందులన్నీ ఆపేద్దామని డబ్బా అటక మీద పెట్టేశాను. ఆ సాయంత్రమే కౌన్సెలర్ మేడమ్‌కు ఫోన్ చేయడం నా అదృష్టం. నెవిరపిన్ ఒంట్లో చాలా రోజులు నిలుస్తుంది, మిగతావి త్వరగా పోతాయి, అన్నీ ఒక్కసారి ఆపితే వైరస్ దానికి లొంగకుండా తయారవుతుందని ఆమె చెప్పారు. దద్దుర్లు తగ్గేదాకా డోసు పెంచలేదు. తగ్గకపోయేసరికి ఎఫావిరెంజ్‌కు మార్చారు. ఇప్పుడు డోలుటెగ్రావిర్ ఉన్న ఒక్క మాత్ర, పదిహేనేళ్లు దాటినా బాగున్నాను. చెప్పకుండా ఆపకండమ్మా, చెప్పకుండా వేసుకోకండి.

గుంటూరు అత్తమ్మ:
మా ఆయనకు ఇలాగే అయినప్పుడు దద్దురు అంచు చుట్టూ బాల్‌పెన్నుతో గీత గీసి, రోజూ ఫోటో తీశాను. పాకుతోందో లేదో డాక్టరుకు చెప్పడం తేలికైంది. గోళ్లు కత్తిరించండి, పాత మెత్తని పంచె తడిపి దురద మీద వేయండి. సర్పి పుండ్ల మీద మాత్రం పసుపు, వేపాకు ముద్ద పెట్టొద్దు, చీము పట్టొచ్చు. దురదకు మాత్ర ఇస్తే మత్తుగా ఉంటుంది, రాత్రి బాత్రూమ్‌కు లేచేటప్పుడు చేయి పట్టుకోండి.

ఖమ్మం కూతురు:
డాక్టరు గారు చూసి రెండు మాత్రలూ ఆపించారు. కొత్త పొక్కులు లేవట, పాతవి ఎండుతున్నాయట. ఏది పడలేదో ఇప్పుడే తేల్చలేమని, అన్నీ వద్దని చీటీ మీద ఎర్ర సిరాతో డైక్లోఫెనాక్, వాలాసైక్లోవిర్, దాని పక్కనే ఎసైక్లోవిర్ రాశారు. వాలాసైక్లోవిర్ ఒంట్లోకి వెళ్లాక ఎసైక్లోవిర్‌గానే మారుతుందట, అందుకని. ఆ చీటీ ఫోటో ఇంట్లో మా తమ్ముడికీ, వదినకూ పంపాను.

ఫార్మసిస్టు తమ్ముడు:
మంచి పని చేశారక్కా. మందు పడకపోతే మనమే చెప్పడానికి ప్రభుత్వ ఉచిత నంబరుంది, 1800-180-3024. కేసు నమోదు చేయించండి.

ఖమ్మం కూతురు:
చేశాను. ఈ ఉదయానికి దద్దుర్లు అత్తమ్మ చెప్పిన పెన్ను గీత లోపలే వాడిపోతున్నాయి. నాన్న మజ్జిగన్నం రెండోసారి అడిగి పెట్టించుకున్నారు.