పక్కదేశంలో జనరల్ మారితే యుద్ధమేనా?

ప్రశ్న (పాలకొల్లు): మావాడు జవాను, జమ్మూ వైపు పోస్టింగు. అవతల పాకిస్తాన్‌లో సైన్యాధిపతిని మార్చారని టీవీలో వస్తే చాలు, మా ఆవిడ అన్నం ముట్టదు. అంత టెన్షన్ పడాలా అండీ?

మాజీ హవల్దార్, తాడేపల్లిగూడెం: ఒక్కోసారి పడాలండి. 1998 అక్టోబరులో అక్కడి సైన్యాధిపతి కరామత్ దిగి ముషారఫ్ వచ్చాడు. 1999 ఫిబ్రవరిలో వాజపేయి బస్సులో లాహోర్ వెళ్లారు, మే నాటికి కార్గిల్. ముషారఫ్ నమ్మకస్తులైన కొద్దిమందితోనే ఆ ప్లాన్ వేశాడు. కాదనేవాడు గదిలో ఉంటేగా!

అమలాపురం కుర్రాడు: అన్నిసార్లూ అలా కాదు బాబాయ్, జనరళ్లను మారిస్తే ఒక్కోసారి ఆ సైన్యమే బలహీనపడుద్ది. 1930లలో సోవియట్ నియంత స్టాలిన్ సొంత సైన్యంలోనే చేసిన ఏరివేతకు ఐదుగురు మార్షళ్లలో, అంటే అత్యున్నత సైన్యాధికారుల్లో, ముగ్గురు బలయ్యారు. 1939లో చిన్న ఫిన్లాండ్ మీదికెళ్లి చావుదెబ్బలు తిన్నారు. ఆ బలహీనత హిట్లర్ కంట పడింది.

ప్రశ్న అడిగినాయన: మావాడు ఇప్పుడే ఫోన్ చేశాడండి. జనరల్ సంగతి అడిగితే, ‘పులస దొరికిందా నాన్నా?’ అంటాడు.