లూయీసా ఆల్కాట్ నాన్న: గురువా, బరువా?

పాతకాగితం: లూయీసా రాసిన ‘లిటిల్ విమెన్’ నవలలో తండ్రి అమెరికా అంతర్యుద్ధానికి పోతాడు, సైన్యంలో మతగురువుగా. నిజజీవితంలో పోయింది కూతురు లూయీసా. 1862 డిసెంబరులో జార్జ్‌టౌన్ ఆస్పత్రిలో నర్సుగా చేరి, టైఫాయిడ్‌తో పడి, కాలొమెల్ అనే పాదరసపు మందు మింగి ఒళ్లు గుల్ల చేసుకుంది. తండ్రి బ్రాన్సన్ మాత్రం పెళ్లాం పిల్లల కష్టం మీద తత్వం చెప్పుకున్నాడు.

గోడమీదపిల్లి: అన్యాయం అండీ. 1834లో బోస్టన్‌లో టెంపుల్ స్కూల్ పెట్టి, బెత్తం కంటే ప్రశ్నలతోనే పాఠం నడిపాడు. బైబిల్ మీద పిల్లల మాటలు అచ్చేస్తే పత్రికలు దుమ్మెత్తిపోశాయి, బడి ఖాళీ అయింది. తర్వాతి చిన్న బడిలో నల్లజాతి పాపను తీసెయ్యమంటే ఒప్పుకోలేదు, అదీ మూతపడింది. ఇది సోమరితనమా?

పాతకాగితం: సోమరి అన్నానా? 1845లో హిల్‌సైడ్ ఇల్లు ఎవరి డబ్బుతో కొన్నారో చెప్పండి.

గోడమీదపిల్లి: ఆయన స్నేహితుడు, రచయిత ఎమర్సన్ 500 డాలర్లు ఇచ్చాడు.

పాతకాగితం: అది పక్క పొలానికి. ఇంటి డబ్బు భార్య అబిగెయిల్ పుట్టింటిది. అప్పట్లో భార్యకొచ్చింది భర్తకు, భర్తకొచ్చింది అప్పులవాళ్లకు. మసాచుసెట్స్‌లో చట్టం మారింది 1855లో. అందుకే మామగారు జోసెఫ్ మే కూతురి వాటాను ట్రస్టీల చేతిలో పెట్టి పోయాడు. అల్లుడి సంగతి ఆయనకి బాగా తెలుసు!



గోడమీదపిల్లి: లూయీసా చేత చిన్నప్పటి నుంచి డైరీ రాయించింది ఎవరు? తర్వాతి ఇల్లు ఆర్చర్డ్ హౌస్‌లో కిటికీల మధ్య రాతబల్ల చేసిపెట్టింది ఎవరు?

మూడోబెంచీ: బ్రాన్సన్ ఆదర్శ జీవితం కోసం పెట్టిన ఉమ్మడి పొలం, ఫ్రూట్‌లాండ్స్ మాట ఎత్తరేం? 1843 జూన్‌లో వెళ్లారు. దాదాపు 90 ఎకరాలు, తోటి వ్యవస్థాపకుడు చార్లెస్ లేన్ డబ్బు 1800 డాలర్లు. పశువులతో దున్నకూడదు, పెంట ఎరువు వెయ్యకూడదు. పత్తి బానిసల కష్టమని వద్దు, ఉన్ని గొర్రెదని వద్దు, నారబట్టలే గతి. విత్తడమే ఆలస్యం. కోతల వేళకు మగాళ్లు ఊళ్లు తిరుగుతున్నారు. వాన ముంచుకొస్తుంటే బార్లీని తల్లీ పిల్లలూ ఇంట్లోకి చేరవేశారు. 1844 జనవరికి మూట సర్దేశారు.

గోడమీదపిల్లి: పాతకాగితం గారూ, మీ కోపం బ్రాన్సన్ మీద కాదు. సంపాదించని మగాడంటేనే మీకు పడదు. డబ్బు తేనివాడు నేర్పింది చదువు కాదా?

పాతకాగితం: చదువే. ఫీజు కట్టింది ఎవరన్నదే నా గొడవ. 1848 నుంచి అబిగెయిల్ బోస్టన్‌లో జీతానికి పేదలకు సాయం చేస్తూ వాళ్ల ఇళ్ల చుట్టూ తిరిగింది. ఆయన సూత్రాలకు పేరు, ఆవిడ చాకిరీకి ‘సంసారం’ అనే ముద్ర. నాకు మండేది అక్కడ.

గోడమీదపిల్లి: లూయీసాకి మండిందా? ఇష్టపడే మోసింది.

పాతకాగితం: 1869లో ఇంటి అప్పులన్నీ తీర్చేసి హమ్మయ్య అనుకుంది. ఇష్టం ఉంటే బరువు తగ్గుతుందా?

మూడోబెంచీ: 1887లో పెద్దవాడైన అక్క కొడుకు జాన్‌ని దత్తత తీసుకుంది. అప్పటి చట్టంలో కాపీరైట్ 28 ఏళ్లు. రచయిత పోతే పొడిగింపు హక్కు భార్యకో పిల్లలకో మాత్రమే. లూయీసా పెళ్లి కాని మనిషి, ‘లిటిల్ విమెన్’ 1868 నాటి పుస్తకం. అక్కకు, ఆమె కొడుకులకు, చనిపోయిన చెల్లెలి కూతురు లూలూకి రాయల్టీ అందాలంటే అదే దారి.

గోడమీదపిల్లి: దీంట్లో తండ్రి తప్పేముంది?

మూడోబెంచీ: తప్పని ఎవరన్నారు? ఆయన 1882 నుంచీ పక్షవాతంతో మంచం మీదే. ఆ ఖర్చూ ఆ పుస్తకాల్లోంచే.