1974 నాటి చైన్ సా సినిమా: యాభై ఏళ్ళైనా వదలని భయం సినిమాదా, పేరుదా?

సెకండ్‌షో

మొన్న శనివారం రాత్రి మా బావమరిదితో కలిసి ‘ది టెక్సస్ చైన్ సా మాసకర్’ చూశాను. 1974లో టోబ్ హూపర్ తీసినది, తర్వాత వచ్చిన రీమేకులు కాదు. నాకిది నాలుగోసారి, వాడికి మొదటిసారి. వాడికి ఇరవై మూడేళ్ళు, ఫోన్లో చూడని హారర్ లేదు. అయిపోయాక “ఇందులో రక్తమే లేదు కదా బావా, దీనికా ఇంత పేరు?” అన్నాడు. నాకు కోపం వచ్చింది, కానీ వెంటనే సమాధానం దొరకలేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నా: ఆ సినిమా ఇంకా పట్టి ఉంచుతోందంటే అది సినిమా గొప్పతనమా, లేక పేరూ నిషేధాలూ కలిసి పెంచిన పుకారా?

చూడనివాళ్ళ కోసం కథ: ఐదుగురు యువతీ యువకులు వ్యాన్‌లో టెక్సస్ పల్లెల్లోంచి వెళ్తుంటారు, పెట్రోల్ దొరకదు, ఒక ఇంటి దగ్గర ఆగుతారు, ఆ ఇంట్లో ఉన్నది మనుషుల్ని పశువుల్లా కోసే కుటుంబం. అంతే.

నా మాట సినిమా గొప్పదే అని. ఒక్క సీన్ చెప్తా. కర్క్ అనే కుర్రాడు పెట్రోల్ అడుగుదామని ఆ ఇంటికి వెళ్తాడు. మిట్టమధ్యాహ్నం, తెల్లటి ఎండ. తలుపు తీసే ఉంటుంది. లోపల నడవ చివర ఎర్రటి గోడ, దాని నిండా జంతువుల పుర్రెలు. గుమ్మం దగ్గర కాలు తట్టుకుని తూలతాడు, అంతలో తోలు ముసుగు వేసుకున్న భారీ మనిషి ఎదురొచ్చి సుత్తితో నెత్తి మీద ఒక్కటి వేస్తాడు. కింద పడ్డాక కర్క్ కాళ్ళు కొట్టుకుంటాయి చూడండి, అది సినిమా చావులా ఉండదు. వాణ్ణి లోపలికి లాగేసి ఇనప తలుపు పక్కకి జార్చి మూసేస్తాడు. ఢాం. భయపడమని ముందే చెప్పే సంగీతం లేదు, దెబ్బ తగిలే చోట క్లోజప్ లేదు. మొత్తం కొన్ని సెకన్లు. ఎవరో తెలియని ఇంటి తలుపు అలా తెరిచి ఉంటే ఇప్పటికీ నాకు ఆ చప్పుడే గుర్తొస్తుంది.

నల్లతెర

సెకండ్‌షో గారూ, మీ అభిమానం అర్థమైంది కానీ నేను ఒప్పుకోను. ఆ సినిమా సగం పేరు మీద, సగం అబద్ధం మీద నిలబడింది. మొదట్లోనే ఇది నిజంగా జరిగిన దారుణం అన్నట్టు గంభీరమైన గొంతుతో చదివిస్తారు, 1973 ఆగస్టు 18 అని తేదీ కూడా వేస్తారు. అలాంటిదేమీ జరగలేదు. వాళ్ళు తీసుకున్న మూలం ఎడ్ గీన్ అనే హంతకుడు, వాడిది విస్కాన్సిన్ రాష్ట్రం, దొరికింది 1957లో, వాడి దగ్గర రంపమూ లేదు, కుటుంబమూ లేదు. ఆ తేదీ నాటికి ఈ సినిమా షూటింగ్ దాదాపు అయిపోయింది కూడా! జనం నిజమని నమ్మి భయపడ్డారు, ఆ భయం తరాల తరబడి నోటిమాటగా వచ్చింది.

పేరు సంగతీ అంతే. పేరు చూస్తే రంపంతో ఊచకోత అనుకుంటాం. లెక్కపెట్టండి, రంపంతో చచ్చేది ఒక్కడే, చక్రాల కుర్చీలో ఉండే ఫ్రాంక్లిన్. ఇద్దరు సుత్తి దెబ్బకి పోతారు, ఒకమ్మాయిని కొక్కేనికి తగిలిస్తారు. ఇక చివరి అరగంట సాలీ అనే అమ్మాయి అరుపులే. పాత్రల గురించి మనకేం తెలుసు? ఎవడు ఏం చదువుతున్నాడో, ఎవరికి ఎవరంటే ఇష్టమో ఏదైనా గుర్తుందా మీకు?

చెవిలో_పోరు

నేను మిక్సింగ్ రూమ్‌లో పని చేస్తాను, ఎనిమిదేళ్ళయింది. మీరంతా బొమ్మ గురించే మాట్లాడుతున్నారు, ఈ సినిమా అసలు చెవులది. ఒక్కసారి మొదటి రెండు నిమిషాలు మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. చీకటి తెర. తవ్వుతున్న చప్పుడు, ఎవరో ఆయాసపడుతున్నారు. తర్వాత కెమెరా ఫ్లాష్ వెలిగినప్పుడల్లా కీచుమని సాగే ఒక శబ్దం, ఆ వెలుగులో కుళ్ళిన చెయ్యి, పళ్ళు, ముక్కలు ముక్కలుగా. ఆ శబ్దాన్ని మళ్ళీ మళ్ళీ కాపీ కొట్టిన సినిమాలు నేనే బోలెడు చూశాను. ఆ సౌండ్ హూపరూ, వేన్ బెల్ అనే ఆయనా కలిసి చేశారు. రేడియోలో వచ్చే పాటలు తప్పిస్తే ట్యూన్ అనదగ్గది దాదాపు ఉండదు, రేకు మీద గీసినట్టు, ఇనుము లాగినట్టు ఉంటుంది. మనసు దేన్నీ పట్టుకుని కుదుటపడదు.

ఇంకొకటి. కర్క్ ఆ ఇంటి వైపు ఎందుకు వెళ్తాడు? జనరేటర్ చప్పుడు వినిపిస్తుంది కాబట్టి. జనరేటర్ ఉందంటే పెట్రోల్ ఉంటుంది, మనుషులుంటారు అనుకుంటాడు. పెళ్ళి పందిరి వెనక నుంచి వినిపించే చప్పుడే కదా అది, ఎవరికైనా ధైర్యం ఇచ్చే చప్పుడు. దాన్నే ఎరగా వాడారు. ఇది అబద్ధం మీద నిలబడే సినిమా చేసే పని కాదు బ్రదర్.

లియాండర్_లక్ష్మి

నేను ఉండేది ఆస్టిన్‌కి ఉత్తరాన లియాండర్‌లో అండీ. ఇక్కడ మన తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు, కానీ సినిమా మొదట్లో కనిపించే స్మశానం మన ఊరిదేనని చెప్తే ఎవరూ నమ్మరు. బాగ్దాద్ సెమెటరీ. నేను దాని పక్క నుంచే పిల్లల్ని దింపడానికి వెళ్తుంటాను. ఆ ఇల్లు అప్పట్లో రౌండ్‌రాక్‌లో క్విక్ హిల్ రోడ్ మీద ఉండేది, ఇప్పుడక్కడ షాపులు, ఆఫీసులు. ఇంటిని విప్పి కింగ్స్‌ల్యాండ్ అనే ఊరికి తీసుకెళ్ళి మళ్ళీ నిలబెట్టారు, అందులో ఇప్పుడు రెస్టారెంట్ నడుస్తోంది. పెట్రోల్ బంక్ బాస్ట్రప్ దగ్గర ఉంది, అదీ తినే చోటే అయింది. మా ఆయన చూద్దాం పద అంటే ఆ ఇంట్లో కూర్చుని అన్నం తినడం నా వల్ల కాదు అన్నాను.

నేను చెప్పాలనుకున్నది ఎండ గురించి. మాది రెంటచింతల దగ్గర, ఎండ నాకు కొత్త కాదు, అయినా ఇక్కడ ఆగస్టు మధ్యాహ్నం కారు స్టీరింగ్ పట్టుకోలేం. ఆ సినిమా తీసింది సరిగ్గా ఆ రోజుల్లోనే, 1973 ఎండాకాలంలో, వంద డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన రోజుల్లో. వ్యాన్‌లో వాళ్ళ మెడల మీద చెమట చూడండి, ఎవరూ స్ప్రే కొట్టలేదు. ఆ తోలు ముసుగు మనిషి వేషం వేసిన గున్నార్ హాన్సన్‌కి ఉన్నది ఒకటే చొక్కా, రంగు పోతుందని షూటింగ్ అయ్యేదాకా ఉతకలేదు. పక్కన నిలబడలేక మిగతావాళ్ళు దూరంగా భోంచేసేవారట. ఎండ, చీకాకు, ఒకరి మీద ఒకరికి విసుగు, నాకు ఆ సినిమాలో భయం అక్కణ్ణుంచి మొదలవుతుంది. దెయ్యం రాత్రే వస్తుందని చిన్నప్పటి నుంచి విన్నాం కదా, పట్టపగలు ఎక్కడికి పారిపోతాం?

నల్లతెర

లక్ష్మి గారూ, మీరు చెప్పిన ఆ చొక్కా కథే నన్ను ఇబ్బంది పెట్టేది. ఈ సినిమా అభిమానులు ఎవరైనా సరే ఇవే చెప్తారు: ఉతకని చొక్కా, కుళ్ళిన మాంసం, ఒకే బిగిన ఇరవై ఆరు ఇరవై ఏడు గంటలు తీసిన భోజనాల బల్ల సీన్, కిటికీలకి నల్లగుడ్డలు కట్టి లైట్ల వేడిలో ఎముకలు కంపు కొడుతుంటే బయటికెళ్ళి వాంతులు చేసుకోవడం. ఇవన్నీ గొప్పగా చెప్తారు. సాలీ వేషం వేసిన మార్లిన్ బర్న్స్ వేలు సంగతి మాత్రం గొంతు తగ్గించి చెప్తారు. నకిలీ రక్తం వచ్చే ట్యూబ్ మూసుకుపోయింది, ఎన్ని టేకులు తీసినా రావట్లేదు, హాన్సన్ విసిగిపోయి బ్లేడు మీది టేపు తీసేసి నిజంగానే ఆమె వేలు కోశాడు. ఆయనే తర్వాత చెప్పాడు. తెర మీద ఆ కుటుంబంలోని తాత నోట్లో పెట్టిన వేలు, అందులోంచి వచ్చిన రక్తం, ఆ అమ్మాయివే.

ఇంత చేస్తే వాళ్ళకి వచ్చిందేమిటి? సినిమా ఖర్చు లక్షా నలభై వేల డాలర్ల లోపు, అమెరికాలోనే మూడు కోట్ల డాలర్ల పైగా వసూలైంది. వాటాల మాట చెప్పి పని చేయించుకున్న నటులకీ, టెక్నీషియన్లకీ చేతికొచ్చింది చాలా తక్కువ. తక్కువ బడ్జెట్ అనే మాటని మనం ముద్దుగా వాడతాం. తక్కువైంది ఎవరి జేబులో అన్నది కూడా చూడాలి కదా.

పొలంగట్టు

నాది ఇంకో అభ్యంతరం. పల్లెటూళ్ళో పేదవాడంటే పిచ్చివాడు, నరమాంసం తినేవాడు, టౌన్ పిల్లలంటే పాపం అమాయకులు. యాభై ఏళ్ళుగా హాలీవుడ్ ఇదే అమ్ముతోంది, దానికి తొలి బోణీల్లో ఇదొకటి. పల్లెలో పుట్టినవాణ్ణి, నాకు అది నచ్చదు.

సెకండ్‌షో

పొలంగట్టు అన్నా, ఈ ఒక్కదానికి గట్టిగా అడ్డం వస్తా, ఎందుకంటే ఆ సినిమా ఆ కుటుంబం గురించి చెప్పినంత ఆ పిల్లల గురించి చెప్పదు. దారిలో వ్యాన్ ఎక్కిన ఆ కుటుంబంలోవాడు ఏం మాట్లాడతాడో గుర్తు తెచ్చుకో. కబేళాలో పశువుని సుత్తితో కొట్టడమే మంచిదంటాడు, కొత్తగా గాలి తుపాకీ వచ్చి జనం పని పోయిందంటాడు. వాళ్ళ ఇంటిల్లిపాదిదీ ఆ పనే. తర్వాత ఆ ఇంట్లో చావులు ఎలా జరుగుతాయి? సుత్తి, కొక్కెం, కింద తొట్టి, ఫ్రీజర్. చేతికి వచ్చిన పనే చేస్తున్నారు, పశువు స్థానంలో మనిషి వచ్చాడు, అంతే తేడా. కర్క్ కాళ్ళు కొట్టుకున్నది కబేళాలో ఎద్దు కొట్టుకున్నట్టేనని నాకు మూడోసారి చూసినప్పుడు గానీ వెలగలేదు. భోజనాల సీన్‌లో ఆ తాతని ఎంత గొప్పగా పొగుడుతారు, ఒకప్పుడు ఆయన అంత వేగంగా కొట్టేవాడు ఇంకెవరూ లేరని. ఇప్పుడు ఆయన చేతిలో సుత్తి నిలవదు, జారి తొట్టిలో పడుతుంది, మళ్ళీ తీసి చేతిలో పెడతారు, మళ్ళీ జారుతుంది. అది చూస్తే నాకు భయంతో పాటు ఇంకేదో అవుతుంది, దానికి పేరు పెట్టలేను.

ఇంకా ఆ కుటుంబంలోనే బంక్ నడిపే పెద్దాయన. సాలీని గోనెసంచిలో కుక్కి బండిలో పడేసి బయల్దేరబోతూ ఆగి, వెనక్కి వెళ్ళి లైట్లు ఆర్పి వస్తాడు. కరెంట్ ఖర్చుకే మనిషి దివాలా తీస్తాడని సణుగుతాడు. మా పెదనాన్న కిరాణా కొట్టు కట్టేసేటప్పుడు అచ్చం ఇదే మాట. ఆ ఒక్క మాటతో నాకు వాడు పక్కింటి మనిషైపోయాడు, అప్పుడు వేసింది అసలు భయం. పల్లె మనిషిని వెక్కిరించేవాడు ఆ మాట రాయడు.

నల్లతెర గారికి: అబద్ధం సంగతి ఒప్పుకుంటాను, అది వ్యాపారమే. కానీ అబద్ధమని తెలిశాక కూడా పని చేస్తోంది కదా? నాకు మొదటి నుంచీ తెలుసు. పాత్రల గురించి ఏమీ తెలియదన్నారు, నిజమే, రోడ్డు మీద మన పక్క నుంచి వెళ్ళిన వ్యాన్‌లో వాళ్ళ గురించి మనకి ఏం తెలుస్తుంది? వేలి విషయంలో మాత్రం నా దగ్గర సమాధానం లేదు. అది తప్పు. ఆ సీన్ బాగుందనే మాట నా నోటికి ఇప్పుడు కొంచెం ఆగే వస్తుంది.

చెవిలో_పోరు

మీ బావమరిది రక్తం లేదన్నాడు కదా, దానికి నా సమాధానం ఇది. హూపర్ పీజీ సర్టిఫికెట్ (పెద్దల సలహాతో పిల్లలూ చూడొచ్చనేది) వస్తుందని ఆశపడ్డాడు, అందుకే రక్తం తగ్గించాడు. కొక్కేనికి తగిలించే సీన్ ఫ్రేమ్ ఫ్రేమ్‌గా చూడండి, కొక్కెం ఒంట్లోకి దిగడం ఎక్కడా లేదు. ఆమె మొహం ఉంది, కింద తొట్టి ఉంది, మిగతాది మన బుర్ర చేసుకుంది. వచ్చింది ఆర్, అంటే పెద్దలు వెంట లేకుండా పిల్లలు చూడకూడదనేది. బ్రిటన్‌లో అయితే 1975లో సెన్సార్ వాళ్ళు సర్టిఫికెట్టే ఇవ్వలేదు, తర్వాత ముక్కలు కోసి చూసినా కుదర్లేదు, ఎందుకంటే ఫలానా షాట్ తీసేస్తే సరిపోతుందని చెప్పడానికి అలాంటి షాట్ ఉంటే కదా! భయం సినిమా అంతటా పరుచుకుని ఉంది. 1999లో గానీ కోతల్లేకుండా 18 (పెద్దలకి మాత్రమే) సర్టిఫికెట్ ఇవ్వలేదు. 2024లో అమెరికా వాళ్ళు తమ జాతీయ సినిమా రిజిస్ట్రీలో చేర్చుకున్నారు.

ఆ గరుకు బొమ్మ కూడా డబ్బు లేకపోవడం వల్లే. కెమెరామన్ డేనియల్ పెర్ల్ చిన్న సైజు 16 ఎంఎం ఫిల్మ్‌లో తీశాడు, దాన్ని థియేటర్ల కోసం 35 ఎంఎంకి పెంచారు, అందుకే ఆ గ్రెయిన్, ఆ ఇసుక రేణువుల్లాంటి చుక్కలు. అదే పెర్ల్ 2003 రీమేక్ కూడా తీశాడు, బోలెడు డబ్బు, బోలెడు లైట్లు, చాలా అందంగా ఉంటుంది. అందంగా ఉండటమే దాని గొడవ అని నా అభిప్రాయం.

పొలంగట్టు

లైట్లు ఆర్పే సీన్ నాకు అస్సలు గుర్తులేదు. ఆ తాత సుత్తి సంగతి గుర్తుంది, అప్పుడు నవ్వొచ్చింది, ఇప్పుడు మీరు చెప్పాక నవ్వు రావట్లేదు. మళ్ళీ చూసి వస్తా, నా అభ్యంతరం మాత్రం ఇంకా వెనక్కి తీసుకోలేదు.

నల్లతెర

నిన్న రాత్రి చివరి పది నిమిషాలు మళ్ళీ పెట్టుకుని చూశాను. సాలీ కిటికీ అద్దం పగలగొట్టుకుని దూకేసరికి బయట తెల్లారి ఉంటుంది, అది నాకు గుర్తులేదు. పికప్ ట్రక్కు వెనక పడి, ఒళ్ళంతా రక్తంతో, వెనక్కి చూస్తూ అరుస్తూనే నవ్వడం మొదలుపెడుతుంది. రోడ్డు మీద ఆ తోలు ముసుగువాడు సూర్యుడికి ఎదురుగా రంపం తిప్పుతూ గిరగిరా తిరుగుతుంటాడు, ఒక్కసారిగా సినిమా తెగిపోతుంది, శబ్దం కూడా. ఆ షాట్ గొప్పదే, దాని మీద వాదించను. కానీ ఆ నవ్వులో నటన ఎంతో, అన్ని గంటలు ఆ గదిలో కట్టేసి ఉంచినందుకు వచ్చింది ఎంతో నాకు తెలియట్లేదు. ఆ లెక్క తేలేదాకా దీన్ని గొప్ప సినిమా అనమంటే అనను.