కుడి హెడ్‌లైట్ మసక, మీటర్లో మాత్రం 12.5 వోల్టులు: ఏ టెస్టర్ కొనాలి?

గోదారిగట్టు:
పదేళ్ల నాటి పెట్రోల్ కారు, హెచ్4 బల్బులు, 35 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ. కుడి హెడ్‌లైట్ మసకగా వెలుగుతోంది. బల్బు మార్చినా అదే తీరు. కప్లర్ (బల్బు వెనక తీగల ప్లగ్గు) ఊడదీసి మీటర్ పెడితే నిక్షేపంగా 12.5 చూపిస్తోంది. పైగా మూడు నాలుగు రోజులు బండి తీయకపోతే బ్యాటరీ దిగిపోతోంది. ఉన్నది మామూలు డిజిటల్ మల్టీమీటర్ ఒక్కటే. టెస్ట్ ల్యాంప్, పవర్ ప్రోబ్, క్లాంప్ మీటర్ (తీగ చుట్టూ దవడలు వేసి కరెంటు కొలిచేది): వీటిలో ముందు ఏది తీసుకోవాలి?

ఎర్త్‌పాయింట్:
హెడ్‌లైట్ కోసమైతే ఏదీ కొనక్కర్లేదు. కప్లర్ ఊడదీసి కొలవడం దగ్గరే తేడా వచ్చింది. మీటర్ లోపలి నిరోధం దాదాపు 10 మెగా ఓమ్‌లు, అది లాగే కరెంటు మైక్రో ఆంపియర్లలో ఉంటుంది. తీగలో ఒక్క పోగు మిగిలినా అంతపాటి కరెంటు సులువుగా వస్తుంది, అంకె నిండుగానే కనిపిస్తుంది. లో-బీమ్‌కి కావలసింది నాలుగున్నర ఆంపియర్లు.

కప్లర్ బల్బుకే ఉంచి, లైటు వేసి, కప్లర్ వెనక నుంచి సన్నటి పిన్ను దూర్చి కొలవండి. మీటర్ డీసీ 2 వోల్టుల రేంజిలో పెట్టి, నల్ల ప్రోబ్ బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద ఆనించండి (క్లాంపు మీద కాదు, సీసం పోస్టు మీదే), ఎర్రది బల్బు ఎర్త్ పిన్ను మీద. ఇప్పుడు కనిపించేది ఆ దారిలో పోతున్న వోల్టులు. 0.1 లోపు వస్తే ఎర్త్ బాగున్నట్టే. తర్వాత ఎర్రది బ్యాటరీ పాజిటివ్ పోస్టుకి, నల్లది లో-బీమ్ పిన్నుకి. ఆ దారిలో ఫ్యూజు, స్విచ్, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును వేసే స్విచ్) ఉంటాయి కాబట్టి 0.5 దాకా ఫర్వాలేదు. కొన్ని బండ్లలో హెడ్‌లైట్ స్విచ్ ఎర్త్ వైపు ఉంటుంది. వాటికి ఈ లెక్క తిరగేసి చూసుకోవాలి.

ఓమ్‌లలో మాత్రం వెతకొద్దు. 4.5 ఆంపియర్ల దగ్గర 1 వోల్టు పోతోందంటే అక్కడున్న నిరోధం 0.22 ఓమ్. ప్రోబులు రెండూ ఒకదానికొకటి ఆనిస్తేనే మామూలు మీటర్ 0.2, 0.3 చూపిస్తుంది. అసలు తేడా అందులోనే కలిసిపోతుంది.

రిలే87:
పైన చెప్పింది అక్షరాలా నిజం. అయినా ఒక ల్యాంప్ ఉంటే పని తొందరగా తెములుతుంది. కొనేటప్పుడు ఎల్ఈడీదా, ఫిలమెంట్‌దా చూసుకోండి. ఎల్ఈడీ కొద్ది మిల్లీ ఆంపియర్లకే వెలుగుతుంది కాబట్టి తెగబోతున్న తీగను కూడా బాగుందనే చూపిస్తుంది. పవర్ సర్క్యూట్లకి 21 వాట్ల ఇండికేటర్ బల్బు, హోల్డరు, రెండు మీటర్ల తీగ, రెండు క్రొకడైల్ క్లిప్పులు, మధ్యలో 5 ఆంపియర్ల ఫ్యూజు ఉంటే ఇంట్లోనే కట్టుకోవచ్చు. 1.75 ఆంపియర్లు లాగుతుంది. ఒక క్లిప్పు బ్యాటరీ పాజిటివ్‌కి పెట్టి, రెండోది అనుమానమున్న ఎర్త్‌కి ఆనించండి. తెల్లగా వెలగాలి. ఎర్రబారిందంటే లోపల చిలుమో తుప్పో పట్టినట్టే. కోస్తాలో ఉప్పుగాలికి ఇది మరీ ఎక్కువ.

స్కోప్‌చూపు:
రిలే87 గారూ, ఆ ల్యాంపు ఎక్కడ పెట్టకూడదో కూడా చెప్పాలి. రిలే కాయిల్ లాగేది 0.15 ఆంపియర్ల ప్రాంతంలో. ఈసీయూలో (బండి కంప్యూటర్లో) దాన్ని నడిపే ట్రాన్సిస్టర్ అంతకే తయారైంది. పాజిటివ్‌కి కట్టిన 21 వాట్ల ల్యాంపును ఆ కంట్రోల్ తీగకి తగిలిస్తే ట్రాన్సిస్టర్ కాలిపోవచ్చు, ఆపైన ఈసీయూ బోర్డు విప్పాల్సిందే. సెన్సార్ల 5 వోల్టుల తీగలకీ, క్యాన్ తీగలకీ (బండిలోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేవి) ల్యాంపు వద్దు, మీటరే వాడాలి. పసుపు కప్లర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, వాటి జోలికే పోవద్దు.

పవర్ ప్రోబ్ బటన్ నొక్కితే బ్యాటరీ 12 వోల్టులు నేరుగా మొనకొస్తాయి. హారన్, ఫ్యాన్ మోటారు, రిలే కాయిల్ విడిగా పరీక్షించడానికి చక్కటి పనిముట్టు. కానీ ముందు కప్లర్ ఊడదీయాలి, తీగ ఎక్కడికి పోతుందో తెలిసి ఉండాలి. మీరు అడిగిన మూడింటిలో అది ఆఖర్న కొనాల్సింది.

ఇంకొకటి, తీగ తొడుగుకి సూది గుచ్చి కొలవకండి. ఆ కన్నంలోంచి తేమ దిగి రాగి లోపల్లోపలే పచ్చబడుతుంది. అప్పటికే గుచ్చి ఉంటే హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకునే గొట్టం) వేసి మూసేయండి.

మిల్లీఆంప్:
బ్యాటరీ దిగిపోవడానికైతే డీసీ క్లాంప్ మీటర్ కొనడం దండగ కాదు. ఇళ్ల వైరింగ్ వాళ్లు వాడే క్లాంపుల్లో చాలావాటికి ఏసీ కరెంటే తెలుస్తుంది. కారు బ్యాటరీ తీగ మీద పెడితే సున్నా చూపిస్తాయి. డయల్ మీద ఆంపియర్ గుర్తు దగ్గర అల గుర్తు (~) ఒక్కటే కాక, తిన్నటి గీత, దాని కింద చుక్కల గీత కూడా ఉందా అని చూసి కొనండి. యూనీ-టీ యూటీ210ఈ లాంటిదానికి 2 ఆంపియర్ల రేంజిలో 1 మిల్లీ ఆంపియర్ వరకు తెలుస్తుంది. తీగ మీద వేయబోయే ముందు ఖాళీ దవడలతో జీరో బటన్ నొక్కడం మరవకండి.

కొనే లోపు ఉన్న మీటర్‌తోనే చూడొచ్చు. బానెట్ తెరిచి, బానెట్ మూసే ఉందని బండి అనుకునేలా దాని లాక్ కొక్కేన్ని స్క్రూడ్రైవర్‌తో మూసి, తలుపులు వేసి, కీ బండికి దూరంగా పెట్టి 40 నిమిషాలు ఆగండి. మాడ్యూళ్లు (బండిలోని చిన్న కంప్యూటర్లు) నిద్రపోవాలి కదా. తర్వాత మీటర్ 200 మిల్లీ వోల్టుల రేంజిలో పెట్టి, ఏ ఫ్యూజూ పీకకుండా, ఒక్కో బ్లేడ్ ఫ్యూజు నెత్తిన కనిపించే రెండు లోహపు చుక్కల మీద ప్రోబులు ఆనించండి. 0.0 వస్తే అందులో చెప్పుకోదగ్గ కరెంటు లేదు. 10 ఆంపియర్ల మినీ ఫ్యూజు నిరోధం సుమారు 7, 8 మిల్లీ ఓమ్‌లు, కాబట్టి 1 మిల్లీ వోల్టుకి దాదాపు 0.13 ఆంపియర్లు. ఫ్యూజు పీకి చూస్తే నిద్రపోయిన మాడ్యూల్ లేచి కూర్చుంటుంది, మళ్లీ 40 నిమిషాలు.

మీటర్‌ని బ్యాటరీ తీగకి సీరీస్‌లో కలిపినవాళ్లు మాత్రం పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టకండి. నూరు ఆంపియర్లు పైబడి పోతాయి. చవక మీటర్లలో 10 ఆంపియర్ల సాకెట్‌కి ఫ్యూజే ఉండదు.

గోదారిగట్టు:
కొలిచాను. బల్బు ఎర్త్ వైపు 1.3, పాజిటివ్ వైపు 0.3. ఆ ఎర్త్ బోల్టు బ్యాటరీ ట్రే పక్కన ఉంది, రింగు టర్మినల్ చుట్టూ తెల్లటి పొడి. ఫ్యూజుల్లో, రూమ్ లైటు రాసి ఉన్న 10 ఆంపియర్ల మినీ ఫ్యూజు మీద 2.9 మిల్లీ వోల్టులు, మిగతావన్నీ 0.0.

ఎర్త్‌పాయింట్:
ఆ పొడి బ్యాటరీ యాసిడ్ ఆవిరి వల్ల వచ్చింది. ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి. బోల్టు విప్పి, వంటసోడా నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, బాడీ రేకునీ రింగునీ మెరిసేదాకా ఎమెరీ కాగితంతో రుద్దండి. బిగించాకే పైన గ్రీజు పూయాలి, మధ్యలో కాదు. తీగ నొక్కిన చోట రాగి నల్లబడి ఉంటే రింగు కోసేసి కొత్తది క్రింప్ చేయండి. మళ్లీ లైటు వేసి కొలిస్తే 0.1 లోపు రావాలి.

మిల్లీఆంప్:
2.9 మిల్లీ వోల్టులంటే దాదాపు 0.39 ఆంపియర్లు. సరిగ్గా ఒక 5 వాట్ల బల్బు లాగేంత. రోజుకి 9 ఏహెచ్ పైనే. మీ 35 ఏహెచ్ బ్యాటరీ నాలుగో రోజుకి ఖాళీ అవడానికి ఇదొక్కటే చాలు. ఫోన్లో వీడియో రికార్డింగ్ పెట్టి డిక్కీలో ఉంచి మూత వేయండి, డిక్కీ లైటు ఆరుతోందో లేదో అందులో తెలిసిపోతుంది. ఆరకపోతే మూత దగ్గర స్విచ్ చూడండి. అది సరిగ్గా ఉంటే అదే ఫ్యూజు మీదున్న మిగతా లైట్లు ఒక్కొక్కటీ పీకుతూ ఆ 2.9 ఎప్పుడు పడిపోతుందో చూడాలి.