ఆసుపత్రి మెట్ల మీద రక్షణ మాట ఎత్తవచ్చా?

తుంగభద్ర_ఒడ్డు (కర్నూలు):
అందరికీ వందనాలు. నేను పదకొండేళ్లుగా కర్నూలులో వీధి సువార్త చేస్తున్నాను. శనివారం సాయంత్రం నలుగురం కలిసి బస్టాండు, రాజ్‌విహార్, ఒక్కోసారి కొండారెడ్డి బురుజు దగ్గర కరపత్రాలు పంచుతాం. మైకు పెట్టం. ఎవరైనా ఆగితే యేసు ఇచ్చే రక్షణ గురించి మాట్లాడతాం.

పోయిన వారం ఒక ఆసుపత్రి బయట జరిగింది చెబుతాను. మెట్ల మీద ఒక పిల్లోడు కూర్చుని ఉన్నాడు, ఇరవై ఏళ్లుంటాయేమో. ఒక చేతిలో స్కానింగ్ కవరు, ఇంకో చేతిలో ఫ్లాస్కు మూతలో పోసుకున్న టీ. తాగలేదు, చల్లారి పైన మీగడ కట్టింది. పక్కన కూర్చుని, అలవాటైన ప్రశ్నే అడిగాను: "తమ్ముడూ, ఈ రాత్రి నీ ప్రాణం పోతే ఎక్కడికి పోతావో నీకు తెలుసా?"

అతను నా మొహం చూసి, "అన్నా, మా నాయన లోపల ఐసీయూలో ఉండాడు. ఆ మాట ఇక్కడ అనొచ్చునా?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. కరపత్రం తీసుకుని, నాలుగు మడతలు పెట్టి కవరులో పెట్టుకున్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సంఘంలో చెబితే "విత్తడం వరకే నీ పని" అన్నారు. నాకు ఆ జవాబు సరిపోలేదు. ఆసుపత్రి దగ్గర ఈ పని చేయడం తప్పా, ఒప్పా? విశ్వాసులు కానివాళ్లు కూడా మొహమాటం లేకుండా చెప్పండి.

ఏడురోడ్లు (కడప):
మీరే అడిగారు కాబట్టి సూటిగా చెబుతా అన్నా. తప్పే. బస్టాండులో ఎవరైనా కాగితం ఇస్తే, నచ్చితే తీసుకుంటా, లేకుంటే బస్సెక్కి పోతా. ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నోడు ఎక్కడికి పోతాడు? నర్సు ఏ క్షణాన పేరు పిలుస్తుందో అని ప్రాణమంతా చెవుల్లో పెట్టుకుని ఉంటాడు. లేచిపోలేని మనిషిని పట్టుకుని మాట్లాడటం న్యాయం కాదు.

మా అమ్మకు షుగర్. రెండేళ్ల కిందట కాలి పుండుతో ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఒకాయన పరిచయమై, ఇంటికి తెచ్చాక కూడా వచ్చి నూనె రాసి ప్రార్థన చేసేవాడు. నేను అడ్డు చెప్పలేదు, అమ్మకు ధైర్యంగా ఉండేది. ఒకరోజు "విశ్వాసం ఉన్నాక మందులెందుకమ్మా" అన్నాడంట. నాలుగు రోజుల మాత్రలు దిండు కింద దాచిపెట్టింది. దుప్పటి మారుస్తుంటే నా చేతికి తగిలాయి. పుండు మళ్లీ తిరగబెట్టింది. మీరు అట్లాంటి మనిషి కాదని మీ రాతలోనే తెలుస్తోంది. అయినా కరపత్రం కనబడితే నాకు ఆయనే గుర్తొస్తాడు.

నాపరాయి (జమ్మలమడుగు):
బాబూ, నాకు డెబ్బై దాటాయి, సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) మాది. కడపలో లండన్ మిషన్ వాళ్ల పని 1822లో మొదలైంది. మా ఊరి క్యాంబెల్ ఆసుపత్రి కూడా ఆ మిషన్ పెట్టిందే. పుండుకు కట్టు కట్టే చేత్తోనే వాక్యం చెప్పేవాళ్లని మా నాయన అనేవాడు. మాట చెప్పేవాడి చేతిలో మందు ఉండేది, గుడ్డ ఉండేది. ఇప్పుడు మన చేతిలో కాగితం తప్ప ఏమీ లేదు.

అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయం మళ్లీ ఒకసారి చదువు. గాజా దారిలో ఐతియొపీయుడు రథంలో యెషయా గ్రంథం చదువుకుంటూ పోతున్నాడు. ఫిలిప్పు అడిగింది ఏమిటి? చదివేది అర్థమవుతోందా అని. రథమెక్కి పక్కన కూర్చోమని పిలిచింది ఆ ఐతియొపీయుడే. పేతురు మొదటి పత్రిక 3:15 కూడా, అడిగేవాళ్లకు జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమంటుంది, అదీ సాత్వికంగా. ఫిలిప్పు ఆ మనిషి చేతిలో ఉన్నదాన్ని చూసి మాట మొదలుపెట్టాడు. నువ్వు చావుతో మొదలుపెట్టావు.

నల్లరేగడి (ఆదోని దగ్గర పల్లె):
పెద్దాయనా, మీ మీద గౌరవంతోనే చెబుతున్నా. ఆ అధ్యాయంలోనే ఫిలిప్పు పరుగెత్తుకుంటూ రథం దగ్గరికి పోయాడని, తనే ముందు పలకరించాడని కూడా ఉంది. అడిగేదాకా ఆగుదామనుకుంటే మా ఇంటికి ఎవరూ వచ్చి ఉండరు.

మాది ఎస్సీ కాలనీ. ఊళ్లో చిన్నపిల్లలు కూడా మా అవ్వను "ఏమే" అని పిలిచే రోజుల్లో, సైకిలుకు కంజర తగిలించుకుని వచ్చిన సువార్తికుడు "అమ్మా, ఇట్లా కూర్చో" అన్నాడంట. రక్షణంటే ఏమిటో ఆ పొద్దు ఆమెకు అర్థం కాలేదు. కూర్చోమన్న మాట అర్థమైంది. చచ్చేదాకా చెప్పుకుంది. కాబట్టి వీధి సువార్త ఆపండి అని నా నోటితో అనలేను.

కానీ మీవాళ్లు చెప్పకుండా దాటేసే సంగతి ఒకటుంది. ఎస్సీలంటే ఎవరో చెప్పే 1950 నాటి ఉత్తర్వులో మొదట ఉన్నది దాదాపు హిందువులే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి వెళ్లిన ఎస్సీలు బీసీ-సీ కిందికి వస్తారు, రిజర్వేషన్ ఒక్క శాతం. మా చిన్నాయన కొడుకు డిగ్రీ అయ్యాక ఉద్యోగాలకు అప్లై చేసేటప్పుడు గానీ ఈ సంగతి తెలుసుకోలేదు. ఆ టెన్షన్‌లో ఇంట్లో ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. రక్షణ ఉచితమని రోడ్డు మీద చెబుతారు. బాప్తిస్మం అడిగే పిల్లోడికి కుల సర్టిఫికెట్ సంగతి కూడా ముందే చెప్పండి. అన్నీ తెలిసి తీసుకుంటే అది వాడి నిర్ణయం అవుతుంది. చెప్పకపోతే మోసమే అంటాను నేను.

గడియారస్తంభం (అనంతపురం):
లా చదువుతున్నాను, చట్టం వరకు చెబుతా. 25వ అధికరణం మత ప్రచార హక్కు ఇస్తుంది, అయితే శాంతిభద్రతలు, నైతికత, ప్రజారోగ్యానికి లోబడి. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు, తన మతం గురించి వివరించే హక్కు ఉంది గానీ ఎదుటి మనిషిని మతం మార్చే హక్కు లేదని తేల్చింది. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన చట్టం ప్రార్థనా స్థలాల దగ్గర వేరే మత ప్రచారం గురించి, ఆసుపత్రుల గురించి కాదు. రోడ్డు మీద ఊరికే కరపత్రం ఇస్తే నేరమని నేను అనుకోను.

రోగాలు నయమవుతాయని అచ్చు వేస్తే మాత్రం ఆలోచించాలి. మంత్రాలతో, తాయెత్తులతో షుగర్, క్యాన్సర్ లాంటివి తగ్గుతాయని ప్రకటనలు ఇవ్వకుండా 1954లోనే కేంద్ర చట్టం వచ్చింది. ప్రార్థన దాని కిందికి వస్తుందా అంటే కోర్టులో వాదించాల్సిన విషయం. దిండు కింద మాత్రల సంగతి చదివాక ఆ చట్టం ఎందుకు పెట్టారో నాకు బాగా అర్థమైంది.

పెద్దదర్గా_వీధి (కడప):
మా తబ్లీగీ జమాత్‌లో గష్త్ అని ఉంటుంది భాయ్. పొద్దు వాలాక చేసే అసర్ నమాజ్ తర్వాత నలుగురైదుగురు వీధిలో తిరుగుతారు, మా ముస్లింల ఇళ్లకే. దారి చూపే మనిషి ఒకరు, మాట్లాడే మనిషి ఒకరే. మిగతావాళ్లు నోరు తెరవరు. ఇంటాయన ఈరోజు కుదరదంటే సలాం చెప్పి వచ్చేస్తారు. మా నాన్న ఇరవై ఏళ్లు తిరిగాడు. జబ్బు మనిషి ఇంటికి పోతే దీన్ మాట, అంటే మతం మాట, ఎత్తేవాడు కాదు, పరామర్శించి దువా (ప్రార్థన) చేసి వచ్చేవాడు. మీరు ఏం చేయాలో నేను చెప్పను, ఆయన చేసింది చెప్పాను.

తుంగభద్ర_ఒడ్డు (కర్నూలు):
అందరూ రాసింది రెండుసార్లు చదివాను. ఏడురోడ్లు అన్నా, మీ అమ్మగారికి జరిగినదానికి నేను సిగ్గుపడుతున్నాను. మందులు మానమని చెప్పేవాడు మావాడైనా సరే, ఇకమీదట ఎదురుగానే ఖండిస్తాను. నల్లరేగడి అన్నది నిజం. సర్టిఫికెట్ సంగతి నేను ఒక్కరికీ చెప్పలేదు, ఇకనుంచి చెబుతాను.

అయినా ఆసుపత్రికి పోవడం పూర్తిగా మానమంటే నా మనసు ఒప్పుకోవడం లేదు. మా నాయన పోయిన రాత్రి వరండాలో ఒక ముసలాయన ముక్కూమొహం తెలియని నా భుజం మీద చెయ్యేసి ప్రార్థన చేశాడు. నేను విశ్వాసిని అయింది అక్కడే. అట్లాంటి చోట నేను ఎట్లా తప్పుకోవాలి? ఆ ప్రశ్న అడగడం మాత్రం మానేస్తున్నాను. మాలో ఇద్దరు ఒప్పుకున్నారు. మూడో ఆయన, "గద్దింపు లేకుండా మారుమనస్సు ఎట్లా వస్తుంది బ్రదర్" అని ఈ శనివారం మాతో రాలేదు.

నాపరాయి (జమ్మలమడుగు):
ఆ ముసలాయన నిన్ను ముందు ఏమైనా అడిగాడా?

తుంగభద్ర_ఒడ్డు (కర్నూలు):
నీళ్లు తాగావా అని అడిగాడు అయ్యగారూ.

ఏడురోడ్లు (కడప):
అన్నా, ఇంతకీ ఆ పిల్లోడి నాయన ఎట్లా ఉండాడు?

తుంగభద్ర_ఒడ్డు (కర్నూలు):
తెలియదన్నా. శనివారం పోతే మెట్ల మీద వేరే వాళ్లున్నారు. లోపల వాకబు చేద్దామంటే పేషెంటు పేరు చెప్పమన్నారు. ఆ పొద్దు నేను పేరు అడగలేదు. యా ఊరో కూడా అడగలేదు.